తాటిచెట్టు మీద గడ్డి దొరకదని అందరికీ తెలుసు

మా దేవరకొండ దిక్కు ఎవడైనా అతకని సాకు చెప్పాడంటే, వినేవాడు "అబద్ధాలాడకు" అని మీదికి రాడు. నింపాదిగా "ఎనుకట నీ అసొంటోడే ఒకడు..." అని అందుకుంటాడు. అంతే, అరుగు మీద కూర్చున్నవాళ్లంతా సర్దుకుంటారు. ఆ ఎనుకటివాడు తాటిచెట్టు ఎక్కాడు. "ఎందుకెక్కినవ్‌రా?" అంటే "దూడకు గడ్డి కోసుకొస్తందుకు" అన్నాడు. కథ అయిపోయింది. సాకు చెప్పినవాడు నేల చూపులన్నా చూస్తాడు, అందరికంటే ముందు తనే నవ్వేసి బయటపడనన్నా బయటపడతాడు.

ఈ సామెత తెలుగునేల అంతటా ఉంది. కానీ పొలం గట్ల నిండా తాటిచెట్లు నిలబడి ఉండే నల్లగొండలో దానికి పదును ఎక్కువ. చెట్టెక్కినవాడు లొట్టి కోసమే ఎక్కాడని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా మాట మొత్తంలో ఎక్కడా కల్లు ఊసు రాదు, దొంగ అన్న నింద రాదు. వినేవాళ్లకు కనిపించేదల్లా చెట్టు మీద లేని గడ్డి. ఆ తర్వాత ఎవరూ ఏమీ రుజువు చేయనక్కర్లేదు. ఇంకో సంగతి గమనించండి, "నువ్వు" అనలేదు, "నీ అసొంటోడు" అన్నాడు. ఎదుటివాడు తప్పుకోవడానికి సందు వదిలాడు. ఊళ్లో రేపు మళ్లీ మొహాలు చూసుకోవాలి కదా.

తలాతోకా లేని ఇట్లాంటి మాటలను మనం నవ్వులాటల ఖాతాలో రాసి వదిలేస్తున్నామని నా ఫిర్యాదు. చదువుకున్నవాళ్లు వీటిని "పల్లెటూరి చమత్కారం" అంటారు, కొంచెం ముద్దుగా, కొంచెం చిన్నచూపుగా. నేను వీటిని వాదనలు అంటాను. ఎదుటివాడి మాటను కాదనకుండా ఒప్పుకుని, ఆ మాట చెయ్యి పట్టుకుని అది ఎక్కడిదాకా పోతుందో అక్కడిదాకా నడిపించి, చివర గోతిలో వదిలేసే వాదనలు. కోర్టులో ప్లీడరు గంటసేపు చేసే పని ఇది. మా ఊళ్లో బర్రెను కట్టేసి వచ్చేలోపు అయిపోతుంది.

ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నాడట. ఈ మాటలో ఇద్దరున్నారు. ఎద్దు ఈనిందని చెప్పినవాడు ఒకడు, విని కట్టెయ్యమన్నవాడు ఇంకొకడు. సామెత మొదటివాడి జోలికి పోనే పోదు. అబద్ధం చెప్పేవాడు ఎప్పుడూ ఉంటాడు, వాడి గురించి కొత్తగా చెప్పేదేముంది? నవ్వంతా రెండోవాడి మీద. పొద్దున లేస్తే ఫోన్లో ఏది వస్తే అది నలభై మందికి పంపే మా బంధువులకు ఇంతకంటే సరైన మాట నాకు ఎక్కడా దొరకలేదు. వాళ్లు దూడకు తాడు కూడా పేని పెడతారు.

అత్తకు మీసాలుంటే మామ అయ్యేది. ఇది "అట్లయితే ఇట్లుండేది" అని వగచేవాళ్ల కోసం. ఆ బోరు ఇంకో ఇరవై ఫీట్లు దించితే నీళ్లు పడేవి, ఆ ప్లాటు అప్పుడే కొంటే ఇప్పటికి కోటీశ్వరులం. వినీ వినీ విసిగిన పెద్దమనిషి అత్తకు మీసాలు పెడతాడు. ఇక ఆ సంభాషణ సాగదు, సాగనివ్వదు ఆ మీసం. అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది మాత్రం కోడిగుడ్డు మీద ఈకలు పీకడం. లేనిదాన్ని పీకేవాడి ఓపిక చూడండి. గుడ్డు నున్నగా ఉంటుంది, వాడు వేళ్లతో తడుముతూనే ఉంటాడు, దొరికిందంటాడు.

పండితులకు కూడా ఈ ఆట తెలుసు. సంస్కృత తర్కంలో లేనివాటికి పెద్ద జాబితానే ఉంది: కుందేటి కొమ్ము, ఆకాశంలో పూసిన పువ్వు, గొడ్రాలి కొడుకు. (ఆ చివరి మాట నాకు నచ్చదు, శాస్త్రంలో ఉంది కాబట్టి చెప్పాను.) వీటన్నిటినీ కలిపి ఎవరో శ్లోకమే కట్టారు. ఎండమావి నీళ్లలో స్నానం చేసి, ఆకాశపుష్పాలు తలలో తురుముకుని, కుందేటి కొమ్ము విల్లు పట్టుకుని గొడ్రాలి కొడుకు అదిగో వెళ్తున్నాడట. లేనిదాని గురించి అసలు మాట్లాడగలమా అని తరాల తరబడి వాదించుకోవడానికి వాళ్లకు ఇవి పనికొచ్చాయి. మనవాళ్లకు కుందేటి కొమ్ముల గొడవ లేదు, కాళ్ల గొడవే: నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పండితుడి కుందేలు లోకంలో ఏది ఉంది, ఏది లేదు అని తేల్చడానికి పుట్టింది. మన కుందేలు పక్కింటివాడి మొండితనం తేల్చడానికి పుట్టింది. శ్లోకంలో ఆ పుట్టని కొడుక్కి విల్లు ఇచ్చారు గానీ పేరు పెట్టలేదు. సామెత పెట్టింది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. రీజినల్ రింగు రోడ్డు ఇంకా నేల మీదికి రాకముందే చౌటుప్పల్ చుట్టుపక్కల ప్లాట్లు కొనమని ఫోన్లు చేసేవాళ్లను చూసినప్పుడల్లా ఆ సోమలింగమే గుర్తొస్తాడు నాకు. ఈపాటికి వాడు డిగ్రీ కూడా చదివి ఉంటాడు.

ఇక అసలు పేచీ దగ్గరికి వస్తాను. ఈ మాటల్లో చాలావాటికి నడుము కింది భాగంతో పని ఉంటుంది. పుస్తకాలకెక్కేటప్పుడు వాటికి పంచె కడతారు. పిల్లి గుడ్డిదైతే ఎలుక ఎకసెక్కాలాడిందట అని అచ్చులో ఉంటుంది. మా ఊరి ఎలుక అట్లా గాలికి ఎకసెక్కాలాడదు, వెనక్కి తిరిగి ముడ్డి చూపిస్తుంది. ఇది మర్యాద విషయం మాత్రమే అయితే నేను పట్టించుకోకపోదును. కానీ అర్థమే పోతోంది. గుడ్డి పిల్లికి చూపించడంలోనే ఉంది కథంతా. చూడలేనివాడికి చూపించి వీరుణ్నని మురిసిపోయే ఎలుక అది. పిల్లికి ఏమీ కనిపించదు, ఎలుకకు ఏమీ ఒరగదు, ధైర్యం మాత్రం ఆకాశమంత. సర్పంచు పదవి దిగిపోయాక ఆయన ఇంటిముందు కాలర్ ఎగరేసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు, వాళ్లకోసం పుట్టిన మాట. ఎకసెక్కం అనగానే ఆ తర్కమంతా ఆవిరైపోయి, ఉత్త నీతివాక్యం మిగులుతుంది.

చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోలేదట అన్నదీ అంతే. చెరువు చుట్టూ బతికిన ఊళ్ల మాట ఇది. ఆ అలకలో ఉన్న గొప్పతనం ఏమిటంటే చెరువుకు ఆ సంగతి తెలియనే తెలియదు. పెళ్లిలో బండి పెట్టలేదని అన్నం మానేసి విడిదింట్లో పడుకున్న అల్లుడికి ఏ ముసలమ్మో ఈ మాట అంటించి పోతుంది. ఆ అల్లుడు లేచి చేతులు కడుక్కోవడం నేను చూశాను. చేతులే.

నడుము కింద నుంచి చావు దగ్గరికి పోదాం, అక్కడ మనవాళ్లు ఇంకా తెగిస్తారు. మా నాయనమ్మకు మనవళ్ల మీద ప్రేమ పొంగితే నోట్లోంచి వచ్చే మొదటి మాట "సచ్చినోడా". పట్నం నుంచి రాత్రి బస్సు దిగి గడపలో అడుగు పెడితే "ఓ సచ్చినోడా, తిన్నవా?" అనేది. చచ్చినవాణ్ని తిన్నావా అని అడగడం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో. వెంటనే "నీ నోట్లె మన్నువడ, గింత సన్నవడ్డవేందిరా" అని కంచం తెచ్చేది. నోట్లో మన్ను పడాలని కోరిన చేతులే ముద్ద కలిపి పెట్టేవి. ఈ తిట్లను మాటకు మాటగా పట్టుకుంటే మా ఇల్లు శ్మశానం. ఎవరి బొంద వాళ్లకు రోజుకు పదిసార్లు తవ్వేవాళ్లు. కానీ ఆమె "మీరు భోజనం చేశారా బాబూ" అని మర్యాదగా అడిగిన రోజున మాత్రం ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకునేది, ఏదో జరిగిందని. దిష్టి తగలకుండా ప్రేమను తిట్టులో దాచేవాళ్లని కొందరంటారు. నాకు అంత లోతు అవసరం లేదనిపిస్తుంది. మాటకూ మనసుకూ మధ్య అంత దూరం పెట్టి కూడా ఒకరికొకరు అర్థమవుతున్నారంటే వాళ్ల మధ్య ఎంత నమ్మకం ఉండాలి! పరాయివాణ్ని ఎవరూ సచ్చినోడా అని పిలవరు, కొట్లాటకు దిగితే తప్ప.

ఈ తలాతోకా లేనితనాన్ని వృత్తిగా చేసుకుని బతికినవాడు పిట్టలదొర. తుపాకి రాముడన్నా వాడే. ఇప్పటి పిల్లలు సభల్లోనో టీవీలోనో చూసి ఉంటారు గానీ, ఊళ్లోకి వచ్చినప్పుడు చూడాలి. ఖాకీ బట్టలు, చిరిగిన కోటు, నెత్తిన దొరల టోపీ, భుజాన కట్టె తుపాకి. వాకిట్లోకి వచ్చి సలాం కొట్టి అందుకుంటాడు. చీమకు నాగలి కడితే ఒక్క పూటలో చెరువు కింది పొలమంతా దున్నేసిందంటాడు. దోమను వేటాడి కోస్తే ఊరు ఊరంతా మూడొద్దులు తిన్నా తరగలేదంటాడు. తన తాత జాగీరు ఎంతదంటే పొద్దు పొడిచేది వాళ్ల భూమిలోనేనట, పొద్దు గూకేదీ వాళ్ల భూమిలోనేనట. మధ్యాహ్నం మాత్రం పక్కోడి కంచెలో. ఊపిరి తీసుకోకుండా ఈ వరసలో గప్పాలు కొట్టి, చివరికి జోలె చాపి "అమ్మా, గిన్ని బియ్యం పెట్టుండ్రి" అంటాడు.

ఆ చివరి మాటతోనే ఆట పూర్తవుతుంది. దొర వేషం, దొర తుపాకి, దొర భూముల లెక్క, కింద ఖాళీ జోలె. నిజం దొర ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన ఊరు, ఈ దొరను చూసి కడుపుబ్బ నవ్వింది. పిట్టలదొర లెక్కలు మరీ విడ్డూరం అనుకుంటే, అసలు లెక్కలు వినండి. నిజాం కాలంలో సూర్యాపేట దిక్కు ఒక్క దేశ్‌ముఖ్ కుటుంబం చేతిలోనే లక్షన్నర ఎకరాలుండేవని సాయుధ పోరాటం గురించి రాసినవాళ్లు చెబుతారు. లక్షన్నర! చీమకు నాగలి కట్టడం నయం కదా. అబద్ధం నిజం కంటే పెద్దదిగా ఉంటేనే నవ్వొస్తుంది. మా జిల్లాలో పిట్టలదొర కష్టం అదే, నిజాన్ని దాటడానికి అతను చాలా దూరం పరుగెత్తాల్సి వచ్చింది.

అట్లని సామెత పేరుతో వచ్చే ప్రతి మాటనూ నేను వెనకేసుకు రాను. మన సామెతల సంచిలో సగం కులాల మీద, ఆడవాళ్ల మీద, అవిటివాళ్ల మీద వేసినవే. అవి చెప్పి "ఏదో సరదాకి" అనేవాళ్లు నా దగ్గర ఆ పని చేయరు. ఇక్కడ తేడా నీతికి సంబంధించింది అనుకుంటాం గానీ, ముందు హాస్యానికి సంబంధించింది. తాటిచెట్టు మీద గడ్డి లేదు, గుడ్డుకు ఈకలు లేవు, అత్తకు మీసాలు లేవు. లేనిది చెప్పారు కాబట్టి నవ్వు. నల్లగొండ జిల్లాలో కుంటివాడి మీద సామెత చెబితే అందులో లేనిది ఏముంది? మర్రిగూడ మండలంలో ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకర పోయినవాళ్లు, నడుము వంగి నేలను చూస్తూ నడిచేవాళ్లు కళ్లెదుట ఉన్నారు. అక్కడ ఆ మాట అన్నవాడి బుర్రే బయటపడుతుంది.

ఆ నీళ్ల కథలోనే నాకు తెలిసిన అతి పెద్ద విడ్డూరపు వాదన ఉంది. అది నోటితో చెప్పింది కాదు. కృష్ణ పక్కనే పారుతోంది, నాగార్జునసాగర్ ఈ జిల్లా గడ్డ మీదే కట్టారు, తాగడానికి మాత్రం అప్పట్లో బోరులోని ఫ్లోరైడు నీళ్లే. అర్జీలు అయ్యాయి, ధర్నాలు అయ్యాయి. 1996లో లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. జల సాధన సమితి జనాన్ని పోగుచేసి నామినేషన్లు వేయించింది. ఒకటీ రెండూ కాదు. చివరికి నల్లగొండ బరిలో 480 మంది అభ్యర్థులు మిగిలారు.

480 మంది! అప్పటికి ఇక్కడికి ఓటింగ్ యంత్రాలు రాలేదు, కాగితం మీద ముద్ర గుద్దాలి. అంతమంది పేర్లు, గుర్తులు ఒక కాగితం మీద ఎట్లా పడతాయి? బ్యాలెట్‌ను పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. ఓటరు పేజీలు తిప్పి తన మనిషిని వెతుక్కోవాలి, తర్వాత ఆ పుస్తకాన్ని పెట్టెలో వెయ్యాలి. వాళ్లెవరూ పార్లమెంటులో కూర్చుందామని నామినేషన్ వెయ్యలేదు. గెలిచింది సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం. సమితి నిలబెట్టినవాళ్లు గెలవడానికి రాలేదు, "మీ ఎన్నికలు మీకు అంత ముఖ్యమైతే ఇదిగో, జరుపుకోండి" అనడానికి వచ్చారు. మా పద్ధతిలో చెప్పాలంటే, నీళ్లిస్తామని ప్రతి ఐదేళ్లకూ వచ్చి ఎద్దు ఈనిందని చెప్పిపోయేవాళ్లకు, జిల్లా మొత్తం తాళ్లు పట్టుకుని గాటిదగ్గరికి వచ్చి "దూడేదీ?" అని అడిగింది.

దేశం ఒక్కసారి నల్లగొండ వైపు తిరిగి చూసింది. అర్జీలకు తిరగని తల 480కి తిరిగింది. అదే ఏడాది తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో వెయ్యికి పైగా అభ్యర్థులు నిలబడ్డారు. దానికి వ్యవస్థ ఇచ్చిన జవాబు కూడా తమాషాగానే ఉంది. లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన ధరావతు 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నీళ్ల పైపుల కంటే ముందు రశీదు పుస్తకం మారింది. ఇట్లాంటి జోకుకు ఖరీదు పెరిగింది, అంతే.

ఇప్పటి రాజకీయాల్లో నోళ్లు పాడైపోయాయని అందరూ అంటున్నారు. నాకు తోచేది ఏమిటంటే, నోళ్లు పాడైపోవడం ఒకటి, విడ్డూరంగా మాట్లాడటం ఇంకొకటి. 2024 లోక్‌సభ ప్రచారంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, పాలమూరు గడ్డ మనిషే, కేంద్రం తెలంగాణకు ఏమిచ్చింది అని అడిగి పెద్ద గాడిద గుడ్డు బొమ్మను జనానికి చూపించారు. ఆ వాదనతో మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ అది వాదన. దానికి జవాబు చెప్పవచ్చు, లెక్కలు తీయవచ్చు, ఎదురు గుడ్డు కూడా పెట్టవచ్చు. జనం నవ్వారు, ఓట్లు మాత్రం వాళ్ల లెక్క ప్రకారం వేశారు. రాష్ట్రంలో కాంగ్రెస్‌కూ బీజేపీకీ చెరో ఎనిమిది సీట్లు వచ్చాయి, ముఖ్యమంత్రి సొంత మహబూబ్‌నగర్‌లో బీజేపీ గెలిచింది. గుడ్డు గుడ్డే, ఓటు ఓటే.

అదే ప్రచారంలో, సిరిసిల్లలో మాట్లాడిన మాటలకు కేసీఆర్‌ను ఎన్నికల సంఘం 48 గంటలు ప్రచారం చేయకుండా ఆపింది. మన సామెతలను సభల్లో ఆయనంత బాగా వాడినవాళ్లు తక్కువ. ఒక్క సామెతతో ఎదుటి పార్టీని కూర్చోబెట్టగల మనిషి తిట్టుకు దిగాడంటే, ఆ రోజు చెప్పడానికి సామెత దొరకలేదన్న మాట. తిట్టు తేలిక. నోరుంటే చాలు. తాటిచెట్టు మీద గడ్డి మొలిపించడానికి మాత్రం ఎదుటివాడి మాటను మొదటి నుంచి చివరిదాకా వినాలి.

ఈ మాటలు అంతరించిపోతున్నాయని నేను దిగులు పడను. వాటిని పుట్టించే పరిస్థితులు అంతరించే సూచనలేమీ లేవు. కిందటి ఎండాకాలం మా వైపు ఒక ఆఫీసులో లైన్లో నిలబడి ఉన్నాను. నా ముందు ఒక అవ్వ. పింఛను ఆగిపోయిందని వచ్చింది. లోపలి మనిషి కంప్యూటర్లో చూసి, "నువ్వు చనిపోయినట్టు ఉందమ్మా ఇందులో" అన్నాడు. గొంతులో కోపం లేదు, వేళాకోళం లేదు, రేషన్ కార్డు నంబరు చదివినట్టు చదివాడు. బతికున్నట్టు సర్టిఫికెట్ తెచ్చుకోమన్నాడు. నాకైతే ఒళ్లు మండింది. మీ అధికారి ఎవరు, ఎవరికి రాయాలి అని అడగబోయాను, చదువుకున్నవాళ్లకు వచ్చే వాదన అదే కదా.

అవ్వ నన్ను పక్కకు జరగమన్నట్టు చెయ్యి ఊపి, కిటికీలోకి వంగింది.

"దినాలు ఎన్నడు జేసిన్రు బిడ్డా? నన్నన్న పిలువకపోతిరి."

లైను లైనంతా భగ్గుమని నవ్వింది. లోపలి మనిషి తల ఎత్తాడు. అప్పటిదాకా ఆమె మొహం చూసినట్టు లేడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆమె ఆధార్ కార్డు అందుకుని, లోపల సారుతో మాట్లాడి వస్తానని లేస్తూ, వరండాలో కుర్చీ చూపించి "అప్పటిదాంక కూసో అవ్వా" అన్నాడు.

"పీనుగకు కుర్చీ ఎందుకు తియ్ బిడ్డా, బస్సు పోతది, జెల్ది రా" అంది.